నలుగుపిండి నుంచి సబ్బుబిళ్ల దాకా: వయసు, చర్మం, తెలుగిల్లు

తెలుగు నేల మీద చర్మ సంరక్షణ చరిత్ర అంగడిలో కాక ఇంటి పెరట్లో, నూతి గట్టు మీద, వేన్నీళ్ల కాగు పక్కన మొదలైంది. ఒంటికి నూనె పట్టించి మర్దన చేయడాన్ని అభ్యంగనమనీ, ఆ నూనె జిడ్డు వదిలేలా పప్పుల పిండితో రుద్దడాన్ని నలుగు పెట్టడమనీ, అందుకు వాడే పిండిని సున్నిపిండి అనీ, తలకు నూనె అంటి కుంకుడు రసంతో చేయించే స్నానాన్ని తలంటు అనీ అంటారు. ఈ పనులు ఇంటిల్లిపాదికీ ఒకే తీరున జరిగేవి కావు. పసికందుకు ఒక రకంగా, సమర్తాడిన పిల్లకు ఇంకో రకంగా, పెళ్లికూతురికి, బాలింతకు, కాటికి కాళ్లు చాచిన ముసలివారికి వేరువేరు రకాలుగా జరిగేవి. వయసుతో పాటు చర్మం మారుతుందనీ, మారిన చర్మానికి తగిన పదార్థాన్ని ఎంచుకోవాలనీ ఈ ఆచారం గ్రహించింది. సబ్బుబిళ్ల వచ్చి ఆ భేదాన్ని చెరిపివేయగా, కొన్ని దశాబ్దాల తరువాత బజారు అదే భేదాన్ని ముసలితనపు భయంగా మార్చి తిరిగి అమ్మజూపింది. ఈ మార్పు జరిగిన తీరు తెలిసినవారికి, నేటి దుకాణంలో ఏది కొనాలో తేల్చుకోవడం కొంత సులువవుతుంది.

ఆచారానికి వెనుక శాస్త్రమూ ఉంది. ఆయుర్వేద గ్రంథాలు ఆయుష్షును మూడు భాగాలు చేసి, బాల్యంలో కఫం, నడివయసులో పిత్తం, వార్ధక్యంలో వాతం ప్రబలమని చెప్పాయి. ఈ హద్దుల విషయంలో చరకసంహిత నడివయసును 60 ఏళ్ల దాకా లెక్కించగా, సుశ్రుతసంహిత 70 దాకా సాగదీసింది. శరీరంలో కదలికకూ పొడితనానికీ మూలమని ఆ శాస్త్రం భావించిన దోషం వాతం. దానికి విరుగుడు స్నేహద్రవ్యం, అంటే నూనె, నెయ్యి వంటి జిడ్డు పదార్థం. అందువల్లనే వాగ్భటుడు అష్టాంగహృదయంలో అభ్యంగనాన్ని నిత్యకృత్యంగా విధిస్తూ, అది ముసలితనాన్నీ అలసటనూ వాతాన్నీ పోగొడుతుందని, తలకూ చెవులకూ అరికాళ్లకూ ప్రత్యేకంగా పట్టించాలని చెప్పాడు. అయితే కఫరోగులూ అజీర్ణంతో ఉన్నవారూ దానిని మానాలని కూడా ఆయన స్పష్టం చేశాడు. అంటే ఒకే చికిత్స అందరికీ పనికిరాదన్న గ్రహింపు విధిలోనే ఇమిడి ఉంది.

వీటన్నిటికంటె ఆలోచింపజేసేది శార్ఙ్గధరసంహితలోని ఒక లెక్క. మధ్యయుగానికి చెందిన ఆ గ్రంథం పదేళ్లకొక గుణం చొప్పున మనిషి నుంచి ఏమేమి తరిగిపోతాయో వరుసగా చెప్పింది: మొదటి పదేళ్లతో బాల్యం, రెండో పదితో ఎదుగుదల, మూడో పదితో మేనికాంతి, నాలుగో పదితో మేధ, అయిదో పదితో చర్మం, ఆరో పదితో చూపు, ఆ తరువాత మిగిలినవి. ఈ లెక్కను ప్రయోగశాల కొలతగా కాక నిశితమైన పరిశీలనగా చదవాలి. మేనికాంతి తగ్గడమూ చర్మమే సడలిపోవడమూ ఒకటి కావని, వాటి మధ్య ఇరవై ఏళ్ల ఎడం ఉంటుందని గుర్తించిన ఆ చూపు మెచ్చుకోదగినది. చర్మానికి బిగువునిచ్చే కొలాజెన్ అనే మాంసకృత్తు యౌవనం దాటాక ఏటా సుమారు ఒక శాతం చొప్పున తగ్గుతుందనీ, స్త్రీలలో ముట్లుడిగిన తొలి అయిదేళ్లలో ఆ తగ్గుదల దాదాపు 30 శాతానికి చేరుతుందనీ ఆధునిక చర్మశాస్త్రం చెబుతున్నది. శార్ఙ్గధరుడు చర్మానికి కేటాయించిన అయిదో దశాబ్దం ఆ మలుపుకు ఎంతో దగ్గరగా ఉంది.

రాజభవనాలలో ఈ అభ్యంగన స్నానం భోగమైంది. నేటి తెలంగాణ సరిహద్దుకు చేరువలో ఉన్న కళ్యాణి రాజధానిగా పాలించిన పశ్చిమ చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దపు తొలి భాగంలో కూర్చిన మానసోల్లాసం రాజు అనుభవించదగిన భోగాలలో స్నానభోగాన్ని చేర్చి, పరిమళ తైలాలతో మర్దననూ ఆ జిడ్డును వదిలించే పూతలనూ వర్ణించింది. సామాన్యుల ఇళ్లకు అంత వైభవం లేకపోయినా క్రమం మాత్రం అదే: ముందు నూనె, తరువాత పిండి, చివర వేడినీళ్లు. పార్వతీదేవి నలుగుపిండితో వినాయకుణ్ణి చేసిందన్న కథను ఏటా వినాయకచవితి నాడు వినే తెలుగువారికి, స్నానమంటే మొదట గుర్తుకు వచ్చేది నలుగే.

పసిబిడ్డ స్నానం ఈ ఆచారంలోకెల్లా నేర్పు కోరే పని. అమ్మమ్మ గానీ నానమ్మ గానీ, నీళ్లు పోయడంలో ఆరితేరిన మంత్రసాని గానీ పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, బిడ్డను ఆ కాళ్ల మీద పడుకోబెట్టుకుని, మాడుకు ఆముదం అద్ది, ఒంటికి నువ్వుల నూనెనో కొబ్బరి నూనెనో పట్టించి, మెత్తని పిండితో రుద్ది నీళ్లు పోసి, చివర సాంబ్రాణి పొగ వేసేది. అప్పుడే పుట్టిన బిడ్డ చర్మం పెద్దవారి చర్మం కంటె పలుచన. తేమను నిలుపుకొనే శక్తి దానికి ఇంకా పూర్తిగా రాదు కనుక నూనెపూత ఆ లోటును కొంత పూడ్చేది. కానీ ఆచారంలో ఉన్నదంతా మేలైనది కాదన్న సంగతినీ చెప్పుకోవాలి. ఒంటి మీది నూగు పోవాలని శనగపిండితో గట్టిగా రుద్దడం వల్ల ఆ లేత చర్మం ఒరుసుకుపోతుంది. ఆ నూగు ఎవరూ రుద్దకపోయినా కొన్ని వారాల్లో దానంతట అదే రాలిపోతుంది. చెవుల్లో, ముక్కులో నూనె చుక్కలు వేయడాన్నీ, గది నిండా పొగ పట్టించడాన్నీ నేటి శిశువైద్యులు వద్దంటున్నారు. అది వినవలసిన మాట.

సమర్తకూ పెళ్లికీ పెట్టే నలుగులో పసుపుదే పెద్దపీట. పెళ్లికూతురిని చేసేటప్పుడు ముత్తయిదువలు పాటలు పాడుతూ నూనె, నలుగు, పసుపు పెట్టడం ఈనాటికీ ప్రతి తెలుగు పెళ్లిలో కనిపిస్తుంది. యౌవనారంభంలో హార్మోన్ల ప్రభావంతో చర్మంలోని తైలగ్రంథులు జోరందుకుని ముఖం జిడ్డుగా మారి మొటిమలు వస్తాయి. పిండి ఆ జిడ్డును పీల్చుకుంటుంది, పసుపు కొన్ని సూక్ష్మజీవుల పెరుగుదలను అణచగలదు. అయితే ఇక్కడే ఆచారం చర్మాన్ని చూడడం మానేసి మనిషి హోదాను చూడడం మొదలుపెట్టింది. భర్త పోయిన స్త్రీకి, ఆమె పదేళ్ల పిల్ల అయినా సరే, అనేక కులాలలో పసుపును నిషేధించారు. అదే వయసు, అదే చర్మం ఉన్న పక్కింటి పిల్లకు దక్కిన నలుగు ఆమెకు దక్కలేదు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు ఆ బాలవితంతువుకు తిరిగి దక్కినవాటిలో పసుపూ ఒకటి. తెలుగిళ్ల సౌందర్య సంప్రదాయాన్ని పొగిడే పుస్తకాలు ఈ క్రూరత్వాన్ని దాటవేస్తే అవి చరిత్ర అనిపించుకోవు.

పేదరికం కూడా ఎంపికను శాసించింది. పెసలు, శనగలు, బియ్యం, కచ్చూరాలు, తుంగముస్తలు, వట్టివేళ్లు, బావంచాలు, ఎండిన గులాబీ రేకులు కలిపి విసిరిన సున్నిపిండి కలిగిన ఇళ్ల వస్తువు. తినే పప్పుకే కటకటగా ఉన్న ఇంట దానిని ఒంటికి రుద్దుకునే వీలుండదు. అక్కడ చేతికి అందింది ఆముదం. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల మెట్టపొలాల్లో విస్తారంగా పండిన ఆముదాల నూనె పగిలిన మడమలకు, ఎండకు బీటలు వారిన చేతులకు మందైంది. ఎద్దు తిప్పే గానుగలో నువ్వులూ కొబ్బరీ ఆడి ఊరందరికీ నూనె అందించింది తెలంగాణలో గాండ్లవారు, ఉత్తరాంధ్రలో తెలికులవారు. చర్మ సంరక్షణ గురించి రాసేవారు తరచు మరచిపోయే వృత్తికారులు వీరు. సబ్బు వ్యాప్తీ మరనూనె రాకా కలిసి దెబ్బతీసింది వీరి జీవనాన్నే.

సున్నిపిండిలోని దినుసుల్లో బావంచాలకు ప్రత్యేకమైన కథ ఉంది. బొల్లి మచ్చలకు పూర్వవైద్యులు వాడిన ఈ గింజల నుంచి 1966లో శాస్త్రవేత్తలు బాకుచియోల్ అనే పదార్థాన్ని వేరుచేశారు. విటమిన్ ఎ కుటుంబానికి చెందిన రెటినాల్ ముడతలను తగ్గించినట్టే ఇదీ తగ్గించగలదని, పైగా మంట, పొలుసులూడడం తక్కువని, 44 మందిపై 12 వారాల పాటు జరిపి బ్రిటిష్ చర్మవైద్య పత్రికలో 2019లో ప్రచురించిన పరిశోధన చూపింది. ఈ ఫలితాన్ని చూపి ఇంటి సున్నిపిండే రెటినాల్‌తో సమానమని ప్రచారం చేయడం మాత్రం తగదు. అదే గింజలో ఉండే సోరలెన్ అనే మరో పదార్థం ఎండ తగిలినప్పుడు చర్మాన్ని కమిలిస్తుంది. బొల్లికి అది మందైందీ ఆ గుణం వల్లనే. శుద్ధిచేసిన బాకుచియోల్ వేరు, పెరట్లో విసిరిన గింజల పొడి వేరు. ఆ పొడి కలిసిన నలుగు పెట్టుకుని మిట్టమధ్యాహ్నం ఎండలోకి వెళ్లడం ప్రమాదం.

సబ్బు సముద్రం దాటి వచ్చింది. 1888లో ఇంగ్లండు నుంచి లీవర్ బ్రదర్స్ వారి సన్‌లైట్ సబ్బు పెట్టెలు కలకత్తా రేవులో దిగాయి. మొదట్లో వాటిలో జంతువుల కొవ్వు ఉంటుందన్న అనుమానం ఆచారపరులను దూరంగా ఉంచింది. 1918లో గోద్రెజ్ సంస్థ వృక్షతైలాలతోనే సబ్బు చేసి అమ్మడం ఆ అనుమానాన్ని పోగొట్టే దారిలో ముఖ్యమైన మెట్టు. దాదాపు అదే సమయంలో, మొదటి ప్రపంచయుద్ధం వల్ల చందనం ఎగుమతి నిలిచిపోయిన మైసూరులో, మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడయరు, దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్యల చొరవతో 1916లో గంధపు నూనె కర్మాగారమూ, వెనువెంటనే మైసూర్ శాండల్ సబ్బూ వచ్చాయి. 1941లో సినీతార లీలా చిట్నిస్ లక్స్ సబ్బు ప్రకటనలో కనిపించిన నాటికి పట్నాల్లో సబ్బు నాగరికతకు గుర్తయింది. నలుగు పండుగలకూ పెళ్లిళ్లకూ పరిమితమైంది.

సబ్బు చేసిన మేలు కాదనలేనిది. చౌకగా, వేగంగా శుభ్రతనిచ్చి, అంటురోగాల కాలంలో ప్రాణాలు కాపాడింది. ఆడవారికి పిండి విసిరే చాకిరీ తప్పించింది. అయినా ఇంట్లో అందరికీ ఒకే బిళ్ల అనే అలవాటుతో వయసు భేదం మాసిపోయింది. ఆరోగ్యవంతమైన చర్మం పైపొర కొంచెం ఆమ్లగుణంతో, సుమారు 5 పీహెచ్ వద్ద ఉంటుంది. మామూలు సబ్బు 9 నుంచి 10 పీహెచ్ ఉండే క్షారం. యువకుల చర్మం ఈ దెబ్బ నుంచి కొన్ని గంటల్లో కోలుకుంటుంది గానీ, తైలగ్రంథులు మందగించిన ముసలివారి చర్మం అంత త్వరగా కోలుకోలేదు. పిక్కల మీద పొలుసులు, రాత్రుళ్లు దురద అందువల్లనే ఎక్కువవుతాయి. పప్పుపిండి మాత్రం నూనెను పూర్తిగా తీసివేయక పలుచని పొరగా మిగిల్చేది. అమెరికాలో 1957లో డవ్ బిళ్లతో ప్రాచుర్యం పొందిన సబ్బుకాని సబ్బులు, అంటే క్షారం లేని కృత్రిమ శుద్ధికారకాలతో చేసినవి, ఈ లోపానికే జవాబుగా వచ్చాయి.

ఇక వయసు వ్యాపారం. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము తెల్లదనాన్ని అమ్మింది. 2020లో పేరు మార్చుకుంది. మహారాష్ట్రలోని అమల్నేరులో 1945లో వంటనూనెల కర్మాగారంగా మొదలైన విప్రో సంస్థ 1980ల మధ్యలో పసుపు, చందనాల పేరుతో సంతూర్ సబ్బును తెచ్చింది; చూసినవారు పెళ్లికాని పిల్ల అనుకునే యువతిని ఒక చిన్నారి అమ్మా అని పిలవడం దాని ప్రకటనల సారం. తెలుగు నాట ఆ సబ్బు బాగా నాటుకుంది. నానమ్మ చేతిలో పసుపు, చందనం ఏ వయసుకు ఏది అనే ప్రశ్నకు జవాబులు. ప్రకటనలో అవే వయసును దాచే సాధనాలయ్యాయి. కడిగితే పోయే సబ్బు నుంచి ముడతలను ఆపే శక్తిని ఆశించడానికి ఆధారం లేదు. నిజంగా ఆధారమున్న ఔషధం మరోవైపు నుంచి వచ్చింది: మొటిమలకు వాడే ట్రెటినాయిన్ ఎండవల్ల ముడతలు పడిన చర్మాన్ని కొంత బాగుచేస్తుందని అమెరికా చర్మవైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్‌మన్ బృందం 1986లో ప్రకటించింది. గర్భిణులు వాడకూడని, వైద్యుల సలహా లేనిదే ముట్టుకోకూడని మందు అది.

ఈనాడు సున్నిపిండి పొట్లాలుగా అంగళ్లలో దొరుకుతున్నది. కాన్పుకు అమెరికా వెళ్లే అమ్మమ్మల పెట్టెల్లో విమానమూ ఎక్కుతున్నది. సబ్బు కొనేవారు అట్ట మీద టీఎఫ్ఎం అనే అంకెను చూడాలి. సబ్బులోని మొత్తం కొవ్వు పదార్థాన్ని తెలిపే ఆ అంకె భారత ప్రమాణాల ప్రకారం మొదటి శ్రేణి సబ్బులో కనీసం 76 శాతం, మూడో శ్రేణిలో 60 శాతం ఉండాలి. అరవై దాటిన తల్లిదండ్రులున్న ఇంట ముసలితనాన్ని ఆపుతామనే ఖరీదైన సీసా కంటె వాసనలేని మెత్తని బిళ్ల, గోరువెచ్చని నీళ్లు, స్నానమైన వెంటనే తడి ఆరకముందే కాళ్లకూ చేతులకూ కొబ్బరి నూనె గానీ వాసనలేని లేపనం గానీ ఎక్కువ మేలు చేస్తాయి. ఆ నూనెను వారికి పిల్లలు తమ చేతులతో పట్టించాలి.