కాదంబరీకథయందు మఱపును మైత్రియును

మరాఠీ, కన్నడభాషలయందు నవలకుఁ గాదంబరి యని పేరు. ఒక్క కావ్యముపేరు ప్రక్రియకంతకును బేరగుట వాఙ్మయచరిత్రమున నరుదు. క్రీ. శ. 606 మొదలు 647 వఱకు రాజ్యమేలిన హర్షవర్ధనుని యాదరమునకుఁ బాత్రుఁడైన బాణభట్టు ఈ కథను రచింపఁబూని, పత్రలేఖ పలుకుచుండఁగానే విడిచి గతించెను. శేషమును నాతని కుమారుఁడు భూషణభట్టు పూరించెను. పాఠశాలలలో దీనినుండి శుకనాసోపదేశమును, కొన్ని వర్ణనములను బోధించుట వాడుక. అందుచేఁ గథలోని చిక్కుముడి విద్యార్థులకుఁ దెలియకయే పోవును. ఉత్తరభాగమును వట్టి యతుకుగాఁ జూచువారును గలరు. ఆ ముడి యెట్టిదో, దానిని విప్పిన తీరు బాణుని సంకల్పమో కాదో యిచట విచారింతము.

విదిశానగరమున శూద్రకుఁడు కొలువుండఁగా నొక చండాలకన్యక చిలుకను దెచ్చి సమర్పించును. తన్ను జాబాలిమహర్షి చూచి, యిది తన యవినయఫలమును దానే యనుభవించుచున్నదని పలికెనని చిలుక చెప్పును. ఆ యవినయమేది? కథయంతయు నీ ప్రశ్నకుత్తరమే. జాబాలి చెప్పిన వృత్తాంతము ఉజ్జయినీరాజకుమారుఁడగు చంద్రాపీడునిది, మంత్రికుమారుఁడగు వైశంపాయనునిది. చంద్రాపీడుఁ డాఱవయేఁట విద్యామందిరముఁ జొచ్చి, పదియేండ్లు వైశంపాయనునితోఁ గూడి చదివెను. వీరిరువురును బదునాఱేండ్ల ప్రాయమువారు, పూర్వజన్మమును మఱచినవారు. చంద్రాపీడుఁడు శాపవశమున భువికి దిగిన చంద్రుఁడు. వైశంపాయనుఁడు మహాశ్వేతకై విరహమున మరణించిన పుండరీకుఁడు.

జ్ఞాపక మెవరికి మిగిలినది? గుఱ్ఱమునకు. పుండరీకుని మిత్రుఁడు కపింజలుఁడు, స్నేహితుని దేహము నెవరో యెత్తికొనిపోవఁగా వెంటఁబడి, త్వరలో నొక వైమానికుని దాఁటి, యతని శాపమున నింద్రాయుధమను నశ్వమై పుట్టెను. రూపము మాఱినను స్మృతి పోలేదనియు, కిన్నరమిథునమును దఱుము నెపమునఁ జంద్రాపీడుని అచ్ఛోదసరస్సునకుఁ దెచ్చినవాఁడను దానే యనియుఁ గపింజలుఁడు పిదపఁ జెప్పును. జ్ఞాపకమున్న మిత్రునకు మాటలేదు. మాటయున్న మిత్రునకు జ్ఞాపకము లేదు.

వైశంపాయనుఁడు ఆ సరస్సు తీరమున, మఱచిన దేనినో తలఁచుకొనుచున్నట్లు లతాగృహములఁ దిరుగును. ఎవరు పిలిచినను గదలఁడు. మహాశ్వేతను జూచి, కారణ మెఱుఁగకయే ప్రేమించి, ఆమె శాపమునఁ జిలుక యగును. మిత్రుని మరణము విని చంద్రాపీడుని గుండె పగులును. జాబాలి కథ చెప్పిన వెంటనే చిలుకకుఁ బూర్వస్మృతి కలుగఁగా, తనకై ప్రాణములు విడిచిన చెలికాఁడెచటఁ బుట్టెనో చెప్పుమనియు, ఆతనితో నొకచోట నుండినచోఁ బక్షిజన్మమైనను బాధింపదనియు వేఁడుకొనును. మహర్షి చెప్పఁడు. ఆ చెలికాఁడే శూద్రకుఁడు. కాఁబట్టి గ్రంథారంభమునుండియు నొక మిత్రుఁడు వేఱొక మిత్రునకుఁ దమ యిరువురి కథనే చెప్పుచున్నాఁడు. చెప్పువాఁడును వినువానిని గుర్తింపఁడు, వినువాఁడును దన్ను గుర్తింపఁడు. చండాలకన్యక తాను పుండరీకుని తల్లియగు లక్ష్మినని తెలిపిన తరువాతనే శూద్రకునకు స్మృతి కలుగును.

ఈ ముగింపు కుమారుని కల్పనమా? పూర్వభాగముననే రెండు గుర్తులు కలవు. శూద్రకుఁడు యౌవనమున నుండియు స్త్రీసుఖముపట్ల ద్వేషము కలవానివలె మిత్రులతోఁ గాలము గడపుచుండెనని బాణుఁడు మొదటనే వ్రాసెను. చంద్రాపీడుఁ డింద్రాయుధమును జూచి, ఇది శాపమున నశ్వమైన మహాత్ముఁడెవఁడో యని తలంచి, మనస్సున నమస్కరించి, యెక్కుటవలని యపరాధమును సైరింపుమని వేఁడెను. ఉత్తమాశ్వమును దివ్యమనుట కవిసమయమే కదా యనవచ్చును. వర్ణనము కవిసమయమగుఁ గాక. రాజకుమారుఁడు తన వాహనమును క్షమాపణ మడుగుట కవిసమయము కాదు. వివరములలో నెన్ని తండ్రివో నిర్ణయింపఁజాలము గాని, ముడి వేసినవాఁడే విప్పు మార్గమును జూపిపోయెననుట స్పష్టము.

ఈ కథకు మూలము గుణాఢ్యుని బృహత్కథ. సాతవాహనుని యాస్థానమునఁ బుట్టినదని సంప్రదాయము చెప్పు నా పైశాచీగ్రంథము నశించినది. 11వ శతాబ్దమున సోమదేవుఁడు రచించిన కథాసరిత్సాగరమునఁ, బదియవలంబకమునందు, సుమనసుఁడను రాజు కథగా నిది కానవచ్చును. అందలి చిలుక పూర్వజన్మమున నాయికయగు మకరందికకుఁ దండ్రి. గుఱ్ఱము ఇంద్రుఁడు పంపిన కానుక. సోమదేవుఁడు బాణునికిఁ దరువాతివాఁ డగుటచే నీ పోలికను జాగరూకతతోఁ జేయవలెను. అయినను సోమదేవుఁడు మూలము ననుసరించెనేని, బాణుఁడు చేసిన మార్పు స్పష్టపడును: తండ్రియున్నచోట మిత్రుని నిలిపెను, కానుకయున్నచోటను మిత్రునే నిలిపెను.

ఈ మార్పునకు హేతువు కవిజీవితమున దొరకునేమో. హర్షచరితమునుబట్టి బాణుఁడు చిన్ననాఁడే తల్లిని, 14 ఏండ్ల ప్రాయమునఁ దండ్రిని గోల్పోయి, సమవయస్కులగు మిత్రులతో దేశాటన మొనర్చెను. వారిలో భాషాకవి, విషవైద్యుఁడు, స్వర్ణకారుఁడు, మార్దంగికుఁడు, కథకుఁడు మొదలగువారు గలరు. వారి పేళ్ల నాతఁడు వరుసగా వ్రాసియుంచెను. తల్లిదండ్రులు లేని బాలునిఁ జెలికాండ్రే కాచిరి.

చెలికానిఁ బోఁగొట్టుకొన్నవాని వెదకులాట యనునదియే కాదంబరి. దానికి నడుమనుండి చీల్చిన పుటలను మాత్రము బాలురకిచ్చుట, శూద్రకునకుఁ జిలుకనిచ్చి కథ చెప్పనీయకుండుటవంటిది. ఉపాధ్యాయులు వర్ణనములకు ముందు రెండుదినములు కథను గడవఱకుఁ జెప్పి, ఇంద్రాయుధమునకు రాకుమారుఁడేల నమస్కరించెనని విద్యార్థులనే యడుగుదురుగాక. ఉత్తరము వారే వెదకికొందురు.