గన్‌ఫౌండ్రీ (హైదరాబాదు)

గన్‌ఫౌండ్రీ హైదరాబాదు నగరములో ఆబిడ్స్, బషీర్‌బాగ్‌ల మధ్య గల ఒక ప్రాంతము. రెండవ అసఫ్ జా అయిన నిజాం అలీ ఖాన్ పాలనలో, 1795లో, ఫ్రెంచి సేనాని మిషెల్ జోయాకిం మరీ రేమండ్ ఇక్కడ నెలకొల్పిన ఫిరంగుల కర్మాగారము వలన దీనికి ఈ పేరు వచ్చినది. దీనినే ఉర్దూలో 'తోప్ కా సాంచా' అందురు. తోప్ అనగా ఫిరంగి, సాంచా అనగా పోత అచ్చు.

స్థాపకుడు

రేమండ్ 1755లో ఫ్రాన్సులోని గాస్కనీ ప్రాంతములో జన్మించాడు. 1775లో పుదుచ్చేరి చేరి, తరువాత సైనిక వృత్తి చేపట్టాడు. 1786 ప్రాంతములో నిజాం కొలువులో చేరినపుడు ఆయన దళములో సుమారు 300 మంది మాత్రమే ఉండేవారు. వారి తుపాకులు కూడా సొంతవి కావు. ఒక్కొక్కదానికి నెలకు ఎనిమిది అణాల చొప్పున ఒక ఫ్రెంచి వర్తకుని వద్ద అద్దెకు తీసుకొన్నవి. 1798 నాటికి ఆ సైన్యము దాదాపు 14,000 మందికి పెరిగినది.

కర్మాగారము

1795 మార్చిలో ఖర్దా యుద్ధములో నిజాం మరాఠాల చేతిలో ఓడిపోయాడు. ఈ యుద్ధములో ఆంగ్లేయులు తటస్థముగా ఉండుటచే నిజాం రేమండ్‌పై మరింతగా ఆధారపడ్డాడు. ఆ ఏడాదే నెలకొల్పిన ఈ కర్మాగారములో ఫిరంగులు, ఫిరంగి గుండ్లు పోతపోసేవారు. ఆ కాలపు కంచు ఫిరంగులలో సుమారు పది పాళ్ళలో తొమ్మిది పాళ్ళు రాగి, ఒక పాలు తగరము ఉండేవి. కరిగించిన లోహమును మట్టి అచ్చులలో పోసి, చల్లారిన తరువాత గొట్టమును తొలిచి నునుపు చేసేవారు.

అదే 1795లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ ప్రభుత్వ ఆయుధాగారములో మస్కెట్ తుపాకుల తయారీ మొదలయినది. అది 1968లో మూసివేయబడువరకు పనిచేసినది. అమెరికా తుపాకుల పరిశ్రమకు అది ఒక పునాది అయినది. హైదరాబాదు కర్మాగారమునకు అట్టి అవకాశము దక్కలేదు.

ఫ్రెంచి సైన్యము రద్దు

రేమండ్ 1798 మార్చి 25న మరణించాడు. అదే ఏడాది సెప్టెంబరు 1న నిజాం ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందము చేసుకొన్నాడు. అక్టోబరులో కంపెనీ సేనలు ఫ్రెంచి సేనానుల క్రింది సైన్యమును చుట్టుముట్టి నిరాయుధులను చేసినవి. అప్పటినుండి రాజ్య రక్షణకు నిజాం కంపెనీ పటాలములపై ఆధారపడి, వాటి ఖర్చుకై ఏటా 24 లక్షల రూపాయలకు పైగా చెల్లించవలసి వచ్చినది. 1800 నాటి మరొక ఒప్పందముచే ఈ చెల్లింపుకు బదులుగా బళ్ళారి, అనంతపురం, కడప మున్నగు ప్రాంతములు కంపెనీకి అప్పగించబడినవి. ఇవే దత్త మండలములు. నేటి రాయలసీమలో అధిక భాగము వీటిలోనిదే.

నేటి ఆనవాళ్ళు

కర్మాగారపు శిథిల కట్టడము ఫతే మైదాన్ సమీపములో ఉన్నది. 2017 ఏప్రిల్ 1న భారతీయ స్టేట్ బ్యాంకులో విలీనమయిన స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ ప్రధాన కార్యాలయము ఈ ప్రాంతములోనే ఉండేది. రేమండ్‌ను స్థానికులు మూసా రహీం, మూసా రామ్ అని పిలిచేవారు. మూసారాంబాగ్ పేరు ఆయన పేరు మీదుగా వచ్చినదే. ఆయన సమాధి మలక్‌పేటకు ఆవల ఆస్మాన్‌గఢ్ వద్ద గుట్టపై ఉన్నది.