టీ నీళ్లలో ముంచిన తెరచాపలు

మారిషస్ నడిబొడ్డున, సముద్రమట్టానికి ఐదువందల మీటర్లకు పైన ఉంటుంది మా క్యూర్‌పిప్. ఎప్పుడు చూసినా ముసురే. రేవు లేదు, పడవ లేదు, చేపల వాసన లేదు. అలాంటి ఊరు ఓడలకు పేరుపడింది.

అసలు ఈ ఊరు పెరిగిందే జబ్బుకు భయపడి. 1867 ప్రాంతంలో రాజధాని పోర్ట్ లూయీలో మలేరియా ప్రబలి వేలమంది చనిపోయారు. ఉన్నవాళ్లు జబ్బు లేని చల్లటి చోటు వెతుక్కుంటూ మెట్టకు ఎక్కారు. అప్పటికే రైలు వచ్చి ఉండటం కలిసొచ్చింది. వరండాలతో, చెక్కపని అంచులతో పెద్దపెద్ద కొయ్య ఇళ్లు లేచాయి. 1902లో మోకా అనే ఊళ్లో ఉన్న ఒక పాత భవంతిని విప్పి తెచ్చి ఇక్కడ టౌన్‌హాలుగా నిలబెట్టారు. ఇంత చెక్కపని జరిగిన ఊళ్లో వడ్రంగం పనితనం మిగిలిపోవడం సహజమే అనుకుంటాను.

ఓడల సంగతి మాత్రం మరీ పాతదేమీ కాదు. మొదటి నమూనా ఓడ 1968లో తయారైందని చెబుతారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిందీ ఆ ఏడాదే, మార్చి 12న. ఎవరో సరదాకి చెక్కారు, చూసినవాళ్లు కొన్నారు, చూస్తుండగానే అదొక పరిశ్రమ అయింది. టూరిస్టు గైడ్లు దీన్ని ‘తరతరాల కళ’ అని చెప్పి అమ్మేస్తుంటే నాకు నవ్వొస్తుంది. నా ఈడు వాళ్లలో చాలామందికి ఈ కళ కంటే వయసెక్కువ.

కొత్తదైనా పని మాత్రం గట్టిది. అసలు ఓడ నక్షాను కొలతకు తగ్గించుకుని, పక్కటెముకలు నిలబెట్టి, వాటిమీద సన్నటి బద్దలు ఒక్కొక్కటే అతుకుతారు. చెక్కపని ఎక్కువగా మగవాళ్లది. తాళ్లు ముడివేయడం, తెరచాపలు కుట్టడం ఆడవాళ్లది. కొత్త గుడ్డ తెల్లగా మెరిస్తే ఓడ బొమ్మలా కనిపిస్తుంది కదా, అందుకని తెరచాపల్ని టీ నీళ్లలో ముంచి ఆరేస్తారు. టీకి మాకేం కరువు? బ్వా షెరీ తోటలు ఇక్కడికి దగ్గరే. పెద్ద ఓడకు నాలుగువందల గంటల పని పట్టవచ్చు.

కొనేవాళ్లకు నా సలహా: టేకుదో మహాగనిదో తీసుకోండి. కర్పూరం చెక్కది చవకే గాని పగులుతుంది. ఓడ పొట్ట మీద వేలితో రాస్తే బద్దల అతుకులు తగలాలి. విమానంలో తీసుకెళ్లేవాళ్లకు దుకాణం వాళ్లే పెట్టెలో బిగించి ఇస్తారు. క్యూర్‌పిప్‌లోనూ పక్కనున్న ఫారెస్ట్ సైడ్‌లోనూ పనివాళ్లున్నారు. ఉత్తరాన గుడ్‌లాండ్స్‌లో హిస్టారిక్ మెరీన్ వాళ్ల కార్ఖానాలో పని జరుగుతుండగా చూడొచ్చు.

అరల్లో ఏ ఓడలుంటాయి? బ్రిటిష్ నౌకాదళపతి నెల్సన్ ‘విక్టరీ’, తిరుగుబాటు జరిగిన ‘బౌంటీ’, 1744లో మా తీరంలోనే మునిగిన ‘సాన్ జెరాన్’. మా ముత్తాతల్ని ఒప్పంద కూలీలుగా తెచ్చిన ఓడ మాత్రం నాకు ఏ అరలోనూ కనబడలేదు. ఇక్కడ తెలుగువాళ్లను ‘కొరింగీలు’ అనేవారు, గోదావరి పాయ ఒడ్డున ఉన్న కోరంగి రేవు పేరుతో. ఆ కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టడానికి పేరుమోసిన ఊరు; 1839 తుఫాను దాన్ని తుడిచిపెట్టింది. ఆ రేవు పేరు మోసినవాళ్ల మనవలున్న దీవిలో నెల్సన్ ఓడ అమ్ముడుపోతుంది, కూలీల ఓడ అమ్ముడుపోదు. కొనేవాడు ఏది అడిగితే చెయ్యి అదే చేస్తుంది, పనివాణ్ని తప్పుపట్టలేం.

నిజంగా పాత చేతిపని చూడాలంటే సంచుల దగ్గరికి వెళ్లాలి. మన మొగలికి దగ్గర చుట్టమైన చెట్టు ఇక్కడ ‘వాక్వా’. మా పొరుగు పట్నం పేరూ అదే. ఆకు అంచున ముళ్లు చీల్చేసి, మధ్య ఈనె తీసి, పట్టీలుగా చీరి, ఎండబెట్టి, మెత్తబరిచి అల్లుతారు. పందొమ్మిదో శతాబ్దంలో చక్కెర ఓడకెక్కింది ఈ అల్లిక సంచుల్లోనే. తర్వాత గోనెసంచులొచ్చాయి. 1980లో పోర్ట్ లూయీలో చక్కెరను విడిగానే ఓడలోకి పోసే టెర్మినల్ కట్టాక ఆ గోనెల అవసరమూ తగ్గింది. వాక్వా సంచి మాత్రం కూరల సంచిగా బతికింది. 2016లో ప్లాస్టిక్ సంచుల్ని నిషేధించినప్పుడు దానికి కాస్త ఊపిరి వచ్చిందనే అనుకుంటాను.

సోమవారం మాహేబూర్ సంతకు వెళ్తే వీటిని వెతకండి. పోర్ట్ లూయీ సెంట్రల్ మార్కెట్‌లోనూ బుట్టలు గుట్టలుగా ఉంటాయి గాని, వాటిలో చాలా భాగం మడగాస్కర్ సరుకు. తేడా సులువే: మడగాస్కర్ బుట్టల్లో వాడే రాఫియా నార దారంలా సన్నగా, మెత్తగా ఉంటుంది, వాక్వా వెడల్పు పట్టీ, పట్టుకుంటే బిరుసు. మడగాస్కర్ పనితనాన్ని నేను తక్కువ చేయను, మారిషస్ పేరు వేసి అమ్మడమే నాకు గిట్టదు.

చివరగా రావాన్ అనే వాయిద్యం. బానిసలుగా వచ్చిన ఆఫ్రికావాళ్లు, మడగాస్కర్‌వాళ్లు పుట్టించిన సేగా పాటకు ఇదే ప్రాణం. 2014లో యునెస్కో సేగాను తన జాబితాలో చేర్చింది. గుండ్రటి కొయ్య చట్రానికి మేకతోలు బిగించి చేస్తారు. వాయించేముందు మన డప్పులాగే మంట దగ్గర కాచాలి. దీనికి జోడీ మరావాన్, చెరకు పూత కాడలతో చేసిన పలచటి పెట్టె, లోపల గింజలు. దుకాణాల్లో ఇప్పుడు ప్లాస్టిక్ పొర వేసిన రావాన్లూ ఉన్నాయి. మంట అక్కర్లేదు, ముసురుకు వదులు కాదు, మా క్యూర్‌పిప్ వాతావరణానికి అవే నయం అంటారు అమ్మేవాళ్లు. రెండూ పక్కపక్కన పెట్టించి వాయించి చూడండి, తర్వాత మీ ఇష్టం.