ఫార్మలిన్ సీసా

ఆదివారం ఆబిడ్స్‌లో మూసిన దుకాణాల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచేవాడు. ఆ వరసలో అందరికీ అతను అన్నే. రెండు గోనెసంచుల పుస్తకాలను ఒక్కడే భుజానేసుకొచ్చే మనిషి. ఆ చలికాలం ఒక్క సంచికే మూడుచోట్ల ఆగాడు.

కుడి డొక్కలో నొప్పి. నాంపల్లి నుమాయిష్‌లో మిర్చి బజ్జీలు తిన్న రాత్రి మొదలైందని అతని లెక్క. "ఏం కాదు తమ్మీ, గ్యాసు" అనేవాడు. స్కానింగ్‌లో గాల్‌బ్లాడర్‌లో రాళ్ళు కనిపించాయి. గోడ మందంగా ఉందన్నారు. రాళ్ళున్నచోట అది మామూలే కదా, ఎవరికీ అనుమానం రాలేదు.

ఆపరేషన్ చేసి తీసిన తిత్తిని ఫార్మలిన్ సీసాలో వేసి, ల్యాబ్‌లో ఇచ్చి రమ్మన్నారు. నల్ల కవర్లో చుట్టుకుని నేనే తీసుకెళ్ళాను. జీపీవో దగ్గర రోడ్డు దాటుతూ రెండు చేతులతో పట్టుకున్నాను. ఆ సీసా ల్యాబ్‌కు చేరకపోతే, రాళ్ళు పోయాయి, గండం గడిచిందనే అనుకునేవాళ్ళం.

రిపోర్టులో లియోమయోసార్కోమా అని ఉంది. పిత్తాశయం క్యాన్సర్లు దాదాపు అన్నీ లోపలి పొరలో పుడతాయి. ఇది గోడలోని కండరానిది. నూనె, నెయ్యి కడుపులో పడగానే పిత్తాన్ని పిండి పేగులోకి పంపే కండరం. బతుకంతా అతనికి అన్నం అరిగించడానికి సాయపడిందే తిరగబడింది. నాకు మింగుడుపడనిది అదే. మైక్రోస్కోపు కింద కదురు ఆకారపు కణాలు కనిపించాయట. డెస్మిన్, యాక్టిన్ పరీక్షలతో కండరమని తేల్చారు. ఎంత అరుదంటే, వైద్య పత్రికల్లో ఎక్కువగా ఒక్కొక్క రోగి కథగానే అచ్చవుతుంది. ఏ మందు ఎంత పనిచేస్తుందో గట్టిగా చెప్పేందుకు సరిపడా రోగులే లేరు. కోసి తీయడమే ముఖ్యమైన వైద్యం. కాలేయాన్ని అంటుకున్న వైపు పిత్తాశయానికి పైపొర ఉండదు; అటునుంచి కాలేయంలోకి పాకడం సులువు.

రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి వరసలో కూర్చుని అన్న, ఆ పేరు మెహదీ నవాజ్ జంగ్‌దనీ, ఆయన తర్వాత గుజరాత్‌కు మొదటి గవర్నరయ్యాడనీ నాకు చెప్పాడు. అప్పటికే కళ్ళు పచ్చబడ్డాయి. కాలేయంలో మచ్చలు తేలాయి. దసరా చూడలేదు.

చివరిసారి ఫుట్‌పాత్‌కు వచ్చినరోజు పుస్తకాలు కొడుకు పరిచాడు. అన్న స్టూలు మీద కూర్చున్నాడు. కుప్పలోంచి ఒక పాత అనాటమీ పుస్తకం తీయించి, ఆ పేజీ చూపమన్నాడు. కాలేయం కింద బేరిపండంత ఆకుపచ్చ తిత్తి.

"గింత సంచేనా తమ్మీ?" అన్నాడు.

సాయంత్రం ఒక మెడికల్ స్టూడెంట్ ఆ పుస్తకం ధర అడిగాడు. అన్న సగానికే ఇచ్చేశాడు.