ఒడి నుండి ఆసనమునకు: సరిహద్దు సీమలో మన పిల్లల ప్రయాణ చరిత్ర

చరిత్ర యనగా రాజులును, యుద్ధములును, శాసనములును మాత్రమే యని తలంచువారు పెక్కురు. తల్లిదండ్రులు తమ బిడ్డను ఒక ఊరినుండి మరియొక ఊరికి ఎట్లు తీసికొనిపోయిరి అనునదియు చరిత్రలోనిదే. బళ్లారిలో స్థిరపడిన మన తెలుగు కుటుంబములకు ఈ చరిత్ర మరింత దగ్గరిది. ఏలయన, మన పిల్లలు పుట్టుకతోనే ప్రయాణికులు. పురుడు అమ్మమ్మగారి ఊరిలో, ఆ ప్రక్క రాష్ట్రమున. నామకరణము ఇక్కడ, ఈ రాష్ట్రమున. ఇట్టి ఇండ్లు మనలో ఎన్ని లేవు?

1800 సంవత్సరమున నిజాము ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి వదలుకొనెను. థామస్ మన్రో దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా వచ్చెను. అనంతపురము 1882లో వేరు జిల్లా అయ్యెను. అటుపిమ్మటను ఆదవాని, ఆలూరు, రాయదుర్గము బళ్లారి జిల్లాలోనే యుండెను. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడిన నాడు ఆ మూడు తాలూకాలు ఆంధ్రకు పోయినవి. బళ్లారితో కూడిన తక్కిన తాలూకాలు మైసూరులో చేరినవి. ఆనాటి వాదోపవాదములు ఇప్పుడు మనకు ప్రస్తుతము కావు. రాత్రికి రాత్రి మేనమామ ఇల్లు పరరాష్ట్రమైనను, రాకపోకలు మాత్రము నిలువలేదు. చంకబిడ్డతో సరిహద్దు దాటుట మన స్త్రీలకు నిత్యకృత్యమయ్యెను.

ఆ ప్రయాణములు మొదట గూడుబండ్లలో సాగినవి. మా బాల్యమున అట్టి బండ్లు ఇంకను తిరుగుచుండెను. అడుగున వరిగడ్డి పరచి, దానిపై బొంత వేసి, తల్లి బిడ్డను ఒడిలో నుంచుకొని బండి వెనుకవైపునకు మొగము పెట్టి కూర్చుండెడిది. బిడ్డ మరీ పసిదైనచో గూడు వాసమునకు చీర కట్టి ఉయ్యాల వేసెడివారు. ఎద్దులు గంటకు ఒక క్రోసు నడచెడివి. చక్రము గోతిలో పడినను బిడ్డ నిద్ర చెడునేగాని ప్రాణమునకు భయము లేదు. ఆ వేగమునకు తల్లి ఒడియే చాలిన ఆసనము.

తరువాత గుంతకల్లు మీదుగా పోవు మీటరు గేజి రైళ్లు వచ్చినవి. చీర ఉయ్యాల బండిగూటినుండి రైలు బల్లల నడుమకు మారినది. ఆ పిమ్మట బస్సులు, కార్లు వచ్చినవి. 1957లో వెలువడిన అంబాసిడరు కారు ముందుసీటు ఒకే బల్లవలె నుండెడిది. డ్రైవరుకును తాతగారికిని నడుమ మనుమని నిలువబెట్టుట ఒక గౌరవముగా భావించెడివారము. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చిన పిమ్మట మధ్యతరగతి ఇండ్లకును కారు చేరువయ్యెను. బండి మారినది, బాట మారినది, వేగము ఇరువది రెట్లు పెరిగినది. బిడ్డను కూర్చుండబెట్టు తీరు మాత్రము గూడుబండి నాటిదే. మనము పొరబడిన చోటు ఇదియే.

మేము గుమాస్తాగిరిలో కాలము గడపినవారము. లెక్క వేసి చూచినగాని నమ్మము. గంటకు 50 కిలోమీటర్ల వేగమున పోవు కారు దేనికైన గ్రుద్దుకొని అరమీటరు దూరములో ఆగినదనుకొందము. ఆ క్షణమున లోనివారి బరువు సుమారు ఇరువది రెట్లైనట్లు పనిచేయును. 12 కిలోల బిడ్డ 240 కిలోల బరువగును. మన పత్తి వర్తకులు ఎరిగిన బేలు 170 కిలోలు. ఎగిరివచ్చు బేలును రెండు చేతులతో పట్టి నిలుపగల తాత ఎవడైన నున్నాడా? ప్రేమకు కొదువ లేదు; చేతులకు ఆ బలము లేదు.

ఈ లెక్క మాకు ఆలస్యముగా తెలిసినది. కొన్ని ఏండ్ల క్రిందట ఏడాదిన్నర వయసుగల మా పెద్ద మనుమరాలిని ఒడిలో నుంచుకొని కారు ముందుసీటులో గుంతకల్లు బాటన పోవుచుంటిమి. గొఱ్ఱెల మంద అడ్డము రాగా బండి ఒక్కసారిగా ఆగెను. మేము గట్టిగా పట్టుకొనియే యుంటిమి. అయినను పసిదాని నుదురు ఎదుటి పలకకు తగిలి మూడు కుట్లు పడెను. డ్రైవరు తప్పు లేదు, గొఱ్ఱెల కాపరి తప్పు అంతకన్న లేదు. తప్పు మాదే. ఆ మచ్చను చూచినప్పుడెల్ల మా చేతులు మాకే బరువుగా తోచును.

పాశ్చాత్య దేశములలోను ఈ జ్ఞానము ఒక్కనాట వచ్చినది కాదు. 1930లనాటి పిల్లల కారుసీట్లు బిడ్డ కిటికీ వెలుపలకు చూచుటకు ఎత్తుగా నమర్చిన కుర్చీలు మాత్రమే. రక్షణ కొరకు సీటును 1962 ప్రాంతమున ఇంగ్లండులో జీన్ ఏమ్స్, అమెరికాలో లియొనార్డ్ రివ్కిన్ అనువారు వేరువేరుగా రూపొందించిరి. 1964లో స్వీడను దేశీయుడగు బెర్టిల్ ఆల్డ్‌మన్ వెనుకకు మొగముండు సీటును తయారుచేసెను. జెమిని అంతరిక్ష నౌకలోని యాత్రికులు వీపు ఆనించి కూర్చుండు తీరే ఆయనకు ఆ యూహ నిచ్చినదందురు. పుట్టిన బిడ్డకు తల శరీరపు పొడవులో నాలుగవ వంతు. మెడ ఎముకలు ఇంకను గట్టిపడి యుండవు. బండి ముందుకు పోవుచు ఆగినప్పుడు తల ముందుకు విసరబడును. వీపు ప్రయాణదిశకు ఆనియున్నచో ఆ తాకిడి తల, మెడ, వీపులకు సమముగా పంచబడును. గూడుబండిలో మన తల్లులు వెనుకకు మొగము పెట్టినది గాలికొరకును, వెలుతురుకొరకును మాత్రమే. అయినను ఆ పాత వాలకమే క్రొత్త శాస్త్రములో మరల కనబడుట వింతగా నున్నది.

మన దేశమున 2019 మోటారు వాహనముల సవరణ చట్టములోని 194బి సెక్షను ఆ సంవత్సరము సెప్టెంబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. పదునాలుగేండ్ల లోపు బిడ్డను బెల్టుతోగాని, పిల్లల రక్షణాసనముతోగాని భద్రపరుపనిచో వేయి రూపాయల జరిమానా. ద్విచక్ర వాహనములపై నాలుగేండ్ల లోపు పిల్లలకు రక్షణ పట్టీయు, శిరస్త్రాణమును ఉండవలెననియు, వేగము 40 కిలోమీటర్లు మించరాదనియు చేసిన నిబంధన 2023 ఫిబ్రవరి 15 నుండి అమలైనది.

ఇక మా ఇంట ఇటీవల జరిగిన చర్చను చెప్పెదము. రెండేండ్ల మూడు నెలల మనుమడు తన మొదటి సీటుకు పెద్దవాడైనాడు. దాని పరిమితి 13 కిలోలు. వాడు దానిని దాటినాడు. తరువాతి సీటు ఏది? చొక్కా కుట్టించునపుడు "పెరిగే పిల్లవాడు, కొంచెము వదులుగా కుట్టు" మని దర్జీకి చెప్పు వంశము మాది. కావున పండ్రెండేండ్లవరకు పనికివచ్చు ఎత్తుపీటనే, అనగా బూస్టరునే, ఒక్కసారి కొని వేయుదమంటిమి. మా అమ్మాయి ఒప్పుకొనలేదు. "నాన్నా, చొక్కా వదులైతే నవ్వుతారు. సీటు వదులైతే వాడు అందులోంచి జారిపోతాడు" అన్నది. మేము మారు పలుకలేదు.

అప్పుడు తెలిసికొన్న సంగతులను మనవారి యుపయోగార్థము క్రోడీకరించుచున్నాము. తరువాతి సీటుకు మార్చుట పై తరగతికి పోవుటవంటిది కాదు, తొందర పనికిరాదు. పుట్టినరోజును చూచి మార్చరాదు. సీటుపై వ్రాసిన బరువు, ఎత్తు పరిమితులను చూచి మార్చవలెను. వెనుకకు మొగముండు సీటులో బిడ్డ నడినెత్తికిని సీటు పైయంచుకును నడుమ అంగుళముకన్న తక్కువ మిగిలినచో అది చిన్నదైనట్లు లెక్క. కాళ్లు ముడుచుకొనుట గురుతు కాదు. బాసిపట్లు వేసికొని కూర్చుండుట మన పిల్లలకు క్రొత్తయా?

రెండేండ్లు నిండినను, సీటు పరిమితి యనుమతించునంతవరకు వెనుకకు మొగముంచుటయే మేలు. అందుచే 18 కిలోలవరకు వెనుకకును, పిమ్మట ముందుకును త్రిప్పుకొనదగిన సీటును తీసికొంటిమి. వెనుకకు మొగమున్నప్పుడు భుజపట్టీలు భుజములకు సరిగా గాని, కొంచెము క్రిందుగా గాని రావలెను. ముందుకు త్రిప్పినపుడు భుజములకు సరిగా గాని, కొంచెము పైగా గాని ఉండవలెను. బిగించిన పట్టీ వ్రేళ్లతో మడత పట్టుటకు వీలులేనంత బిగువుగా నుండవలెను. సీటును బెల్టుతో బిగించిన చోట పట్టి కదలించినచో అంగుళమునకు మించి కదలరాదు. పట్టీలనుగల సీటు నిజముగా చాలనంత ఎదిగిన పిదపనే బూస్టరు. నడుము బెల్టు పొట్టపైగాక తొడల మొదట ఆనునంతవరకు, అనగా సుమారు 145 సెంటీమీటర్ల ఎత్తువరకు, దాని యవసరముండును. పని చేయుచున్న ఎయిర్‌బ్యాగు ఎదుట వెనుకకు మొగముండు సీటును ఎన్నడును ఉంచరాదు.

కొనుటకు ముందు సీటును మన కారులోనే బిగించి చూడవలెను. ఐసోఫిక్స్ కొక్కెములున్న కారైనచో బిగించుట సులభము; లేనిచో బెల్టుతో బిగించు రకమును ఎంచుకొనవలెను. పెద్దనాన్న కొడుకు ఊగిన తొట్టిలిలో చిన్నవానిని పరుండబెట్టుట మనకు శుభము. సీటు విషయమున ఆ ఆచారము చెల్లదు. ప్రమాదములో నున్న సీటు పైకి బాగుగానే కనబడును, లోపల బీటవారి యుండవచ్చును. దాని చరిత్ర తెలియనిదే, గడువు తేదీ చూడనిదే తీసికొనరాదు.

బోర్లపడినపుడు బొబ్బట్లు, అడుగులు వేసినపుడు అరిసెలు పంచి బిడ్డ ఎదుగుదలను మెట్టుమెట్టునకు గుర్తించిన జాతి మనది. ఆ మెట్లలో ఈ సీటునొకటి చేర్చుకొనుట మనకు కష్టము కాదు. తరువాతి సీటు కొన్ననాడు బిడ్డను తూచి, ఎత్తు కొలిచి, నోటికి తీపి అందింపుడు. మొన్న రాయదుర్గమునకు పోవునపుడు మా మనుమడు సీటులో వెనుకకు మొగము పెట్టి, దాటిపోయిన గుట్టలను చూచుచు నిద్రపోయెను. మేము ప్రక్కన కూర్చుంటిమి. ఒడి ఖాళీగా నుండెను. వాని పిడికిలిలో మా వ్రేలు ఒకటి యుండెను. అంతకన్న మాకు కావలసినదేమి?