ఒకే నది, ఒకే లెక్క: లోకసభలో మేఘనాథ సాహా

శాసనసభల చరిత్ర వ్రాయునపుడు మంత్రుల పేర్లు ముందు వచ్చును. చట్టము తెచ్చినవారు, శంకుస్థాపన చేసినవారు, శిలాఫలకములకు ఎక్కినవారు జనుల స్మృతియందు నిలుతురు. సభయందు లేచి, ఈ పని ఏల ఆలస్యమైనది, దీని వ్యయము ఎట్లు పెరిగినది, దీనివలన పల్లెకు కలుగు మేలెంత అని అడిగిన సభ్యుని పేరు త్వరలోనే మరుగున పడును. ప్రజాప్రభుత్వమునకు మొదటి తెగవారు ఎంత అవసరమో రెండవ తెగవారును అంతియే అవసరము. అట్టివారిలో అగ్రగణ్యులు ఆచార్య మేఘనాథ సాహా. 1952 మొదలు 1956 వరకు, నాలుగేండ్లయినను నిండని కాలము, ఆయన లోకసభ సభ్యులుగా నుండిరి. వారికి మంత్రిపదవి లేదు; అధికారపక్షపు అండ లేదు. అయినను పల్లెవాని ఆరోగ్యము, పంట, ఇంటి దీపము అను మూడును వేరువేరు శాఖల పద్దులు కావు, ఒకే నదీజలముతో ముడివడిన ఒకే లెక్క అను దృష్టిని ఆయన జీవితమంతయు విడువలేదు.

1893 అక్టోబరు 6వ తేదీన, తూర్పు బెంగాలులో ఢాకా సమీపమునగల సేవరతలి గ్రామమున సాహా జన్మించిరి. తండ్రి జగన్నాథ సాహా చిన్న పచారీ దుకాణము నడుపుకొను సంసారి. ఊరిలో ప్రాథమిక పాఠశాల తప్ప వేరు బడి లేదు. పై చదువునకు కొన్ని మైళ్ల దూరముననున్న సిములియాకు పోవలసివచ్చెను. అనంతకుమార్ దాసు అను వైద్యుడు తన యింట అన్నము పెట్టి ఉంచుకొనినందున ఆ బాలుని చదువు సాగినది. లేనిచో అతడును దుకాణమున త్రాసు పట్టుకొని కూర్చుండవలసినవాడే. 1905లో వంగ విభజనకు నిరసనగా విద్యార్థులు జరిపిన బహిష్కారములో పాల్గొన్నందుకు ఢాకా పాఠశాలవారు అతనిని వెడలగొట్టిరి. దానితో విద్యార్థి వేతనమును పోయెను. ఇన్ని అడ్డంకులను దాటిన ఆ బాలుడే 1920లో, నక్షత్రముల కాంతిని బట్టి అందలి ఉష్ణమును, పదార్థముల స్థితిని తెలిసికొను సూత్రమును ప్రకటించి లోకవిఖ్యాతుడయ్యెను. 1927లో ఇంగ్లండునందలి రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొనెను.

నక్షత్రములను చదివిన ఆ కన్నులు నేలను మరువలేదు. 1922లో ఉత్తర బెంగాలు వరదల పాలైనపుడు ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్ నెలకొల్పిన సహాయసంఘమునందు సాహా పనిచేసిరి. వరద వచ్చిన పిమ్మట బియ్యము, గుడ్డలు పంచుట పుణ్యకార్యమే. కాని వరద ఏల వచ్చుచున్నదో తెలిసికొనుట అంతకంటె పెద్దపని అని వారికి తోచెను. అది మొదలు నదులను గూర్చిన వ్యాసములు ఆయన కలమునుండి వెలువడసాగినవి. నదుల నడకను పరిశోధించుటకు ప్రత్యేక ప్రయోగశాల కావలెనని పదేపదే కోరిరి. 1935లో స్థాపించిన ‘సైన్స్ అండ్ కల్చర్’ అను పత్రికను ఇందుకు వేదికగా చేసికొనిరి.

ఆయన దృష్టి విశేషముగా దామోదర నదిపై నిలిచెను. ఈ నది ఛోటా నాగపూరు కొండలలో పుట్టి, బర్ద్వాను మైదానముల మీదుగా ప్రవహించి హుగ్లీలో కలియును. వేసవిలో ఇసుకబాట, వర్షాకాలమున ప్రళయము. దానిని బెంగాలు దుఃఖదాయిని అని జనులు పిలిచెడివారు. రైలుమార్గమును, గ్రాండ్ ట్రంకు రోడ్డును, బర్ద్వాను పట్టణమును కాపాడుటకై ప్రభుత్వము ఎడమగట్టును బలపరచెను. 1850 తరువాతి దశాబ్దములో కుడిగట్టును కొన్ని మైళ్ల మేర తానే తొలగించెను. ఫలితముగా కుడివైపు పల్లెలు నీట మునిగినవి. ఎడమవైపు పల్లెలు మునుగలేదు, కాని వానికి మరియొక ఆపద వచ్చిపడినది. ఏటేట పొలమున పరచుకొను ఒండ్రు నిలిచిపోయినది. వాగులు పూడి, మురుగు నిలువ నీరయినది. 1860, 1870 దశాబ్దములలో బర్ద్వాను జ్వరము అని పేరుపొందిన మహమ్మారి ఊళ్లకు ఊళ్లను పాడుపెట్టెను.

బెంగాలు ప్రజారోగ్యశాఖకు అధిపతిగా నుండిన డాక్టరు బెంట్లీ 1925లో మలేరియాను, వ్యవసాయమును కలిపి ఒక గ్రంథము వెలువరించెను. ఒండ్రునీరు పారిన పొలములున్నచోట జ్వరము తగ్గుననియు, నీరు కదలక నిలిచినచోట పంటయు క్షీణించును, మనిషియు క్షీణించుననియు అందలి సారాంశము. ఈజిప్టు దేశమున పేరుపొందిన ఇంజనీరు విల్కాక్సు కలకత్తా విశ్వవిద్యాలయమున బెంగాలు ప్రాచీన సేద్యపద్ధతిని గూర్చి చేసిన ఉపన్యాసములు 1930లో అచ్చుపడెను. కాలువలు, మురుగుకాలువలు ఎరిగిన కృష్ణా, గోదావరి మండలముల రైతులకు ఈ సంగతి విడమరచి చెప్పవలసిన పనిలేదు. నీటికి వచ్చుదారి ఎంత ముఖ్యమో పోవుదారియు అంత ముఖ్యము.

1943 జూలైలో దామోదరము ఎడమగట్టు తెగెను. రైళ్లు ఆగినవి, గ్రాండ్ ట్రంకు రోడ్డు కొట్టుకొనిపోయెను. రెండవ ప్రపంచయుద్ధము సాగుచున్న దినములలో కలకత్తా నగరమునకు ఉత్తరదేశముతో రాకపోకలు తెగిపోవుటచే ప్రభుత్వము మేల్కొనెను. బర్ద్వాను మహారాజు అధ్యక్షతన ఏర్పడిన విచారణ సంఘములో సాహా సభ్యులుగా నుండిరి. గట్టు మరింత ఎత్తుచేయుటతో పని తీరదనియు, అమెరికాయందు టెనెస్సీ నదీలోయలో చేసినట్లు నదినంతటిని ఒక సంస్థ చేతికి అప్పగింపవలెననియు ఆయన వాదించిరి. టెనెస్సీ సంస్థనుండి వచ్చిన వూర్డ్విన్ అను ఇంజనీరు ప్రణాళిక సిద్ధపరచెను. 1948 జూలై 7వ తేదీన దామోదర్ వేలీ కార్పొరేషన్ అవతరించెను. ఆ చట్టము సంస్థకు విధించిన పనులలో సేద్యపు నీరు, విద్యుచ్ఛక్తి, వరదనివారణ, నౌకాయానము, అడవుల పెంపకము, నేలకోత నివారణలతోపాటు ప్రజారోగ్యమును చేరియుండెను. కొన్ని ఏండ్లుగా సాహా చెప్పుచు వచ్చిన ఒకే లెక్క ఇట్లు చట్టరూపము దాల్చెను.

శక్తి విషయమునను ఆయన ఆలోచన ఇట్టిదే. 1938లో సుభాస్ చంద్రబోసు కాంగ్రెసు అధ్యక్షుడుగా జాతీయ ప్రణాళికా సంఘమును స్థాపింపగా, దానికి జవహర్లాల్ నెహ్రూ అధ్యక్షత వహించుటకు సాహా పట్టుబట్టి కృషిచేసిరి. అందలి ఇంధన, శక్తి ఉపసంఘమునకు ఆయనే అధ్యక్షులు. ఎద్దు బలముతో, మనిషి కండతో మాత్రమే పనిచేయు దేశము దారిద్ర్యమునుండి బయటపడజాలదని ఆయన విశ్వాసము. చేతిపరిశ్రమలే పల్లెకు చాలునను వాదముతో ఆయన ఎన్నడును రాజీపడలేదు.

స్వతంత్ర భారతమున 1952 నాటి తొలి సార్వత్రిక ఎన్నికలలో సాహా కలకత్తా వాయవ్య నియోజకవర్గమునుండి వామపక్షముల మద్దతుతో స్వతంత్ర అభ్యర్థిగా నిలిచి, కాంగ్రెసు అభ్యర్థిని ఓడించి లోకసభకు వచ్చిరి. శాస్త్రజ్ఞునకు రాజకీయములతో పనియేమి అని పలువురు ఆక్షేపించిరి. పరిశోధనశాలలో కనుగొన్న సత్యము ప్రజలకు చేరవలెనన్నచో డబ్బు ఖర్చుపెట్టు సభకు శాస్త్రజ్ఞుడును పోకతప్పదని ఆయన భావన. ప్రథమ పంచవర్ష ప్రణాళికయందు భారీ పరిశ్రమలకు తగిన స్థానము లేదని విమర్శించిరి. నదీలోయ పథకములు, వరదలు, విద్య, తూర్పు బెంగాలు కాందిశీకుల పునరావాసము మొదలగు విషయములపై నిక్కచ్చిగా మాటలాడిరి. తాను కోరి తెప్పించిన దామోదర సంస్థనైనను ఆయన ఉపేక్షింపలేదు. పని తెలిసిన ఇంజనీర్లకు అధికారము లేని నదీసంస్థ టెనెస్సీకి పేరులో మాత్రమే సాటియగునని ఆయన విమర్శ. తన బిడ్డ తప్పుచేసినను దండించు తండ్రివలె ఆయన వ్యవహరించిరి. అందుచే మిత్రులును నొచ్చుకొనిరి.

ఆయన శాసనసభాజీవితమున ముఖ్యఘట్టము 1954 మే 10వ తేదీన జరిగిన అణుశక్తి చర్చ. 1948లో అణుశక్తి చట్టము వచ్చి, డాక్టరు హోమీ భాభా అధ్యక్షతన సంఘము ఏర్పడెను. ముందు పరిశ్రమలను, శిక్షణ పొందిన యువకులను సిద్ధపరచుకొనక సంఘము స్థాపించి ఫలమేమని సాహా నాడే శంకించియుండిరి. ఆ ఉద్దేశముతోనే కలకత్తాలో అణుభౌతిక పరిశోధనాలయమును నిర్మింపగా, 1950 జనవరిలో ఐరీన్ జోలియో క్యూరీ దానిని ప్రారంభించెను. లోకసభయందు శాంతియుత ప్రయోజనములకు అణుశక్తిని వాడుటను గూర్చిన చర్చను ఆయనే లేవనెత్తిరి. పని అంతయు రహస్యపు తెరచాటున జరుగరాదనియు, విశ్వవిద్యాలయములకు అందు పాలు కలుగవలెననియు ఆయన వాదసారము. నాటి ప్రధాని నెహ్రూ స్వయముగా సమాధానము చెప్పెను. ఒకప్పుడు ఒకే ప్రణాళికా సంఘమున ప్రక్కప్రక్కన కూర్చున్న ఇరువురు సభలో ఎదురెదురుగా నిలిచిరి. ఆ సంవత్సరమే ఆగస్టులో అణుశక్తికి ప్రత్యేకశాఖ ఏర్పడెను. రహస్యమును గూర్చిన ఆయన కోరిక మాత్రము నెరవేరలేదు. 1948 చట్టము స్థానమున 1962లో వచ్చిన చట్టమునందును గోప్యతా నిబంధనలు నిలిచియుండెను.

1956 ఫిబ్రవరి 16వ తేదీన ఢిల్లీలో ప్రణాళికా సంఘ కార్యాలయమునకు నడచిపోవుచు సాహా గుండె ఆగి మరణించిరి. పంచాంగ సంస్కరణ సంఘమునకు ఆయన అధ్యక్షులుగా ఉండి సిద్ధపరచిన జాతీయ పంచాంగము మరుసటి ఏడు, 1957 మార్చి 22వ తేదీన, అమలునకు వచ్చెను. చైత్రమాసముతో మొదలగు ఆ శకవత్సర గణనము వెనుకనున్నవారు ఈయనయే యని తెలిసినవారు కొద్దిమంది.

ఇక ఆయన కోరిన లెక్క ఎంతవరకు సరిపోయినది? తిలైయా ఆనకట్ట 1953లో, కోనార్ 1955లో, మైథాన్ 1957లో, పాంచెత్ 1959లో పూర్తియయ్యెను. మొదటి ప్రణాళికలోని ఎనిమిదింటిలో ఆ కాలమున సంస్థ కట్టినవి ఈ నాలుగే. ముంపుభూముల సేకరణ సంపూర్ణము కానందున వరదను పట్టుటకు తలచినంత చోటును లభింపలేదు. 1978లో దిగువ పల్లెలు మరల వరదను చూచినవి. ఎగువన జలాశయముల క్రింద భూములు పోగొట్టుకొన్న సంతాలు మొదలగు పల్లెజనుల కన్నీరు ఏ పద్దులోనికిని చక్కగా ఎక్కలేదు. నదికై పుట్టిన సంస్థ క్రమముగా బొగ్గుతో వేల మెగావాట్ల విద్యుత్తు చేయు సంస్థగా మారెను. మలేరియాను 1953లో ఆరంభమైన జాతీయ కార్యక్రమము డీడీటీ మందుతో అణచెను. నీటిపోకను మరచి మందునే నమ్మినందువలన కూడ కావచ్చును, 1976 నాటికి దేశమున అరువది లక్షలకు మించిన మలేరియా రోగులు లెక్కకు వచ్చిరి. ఇన్నియు ఉన్నను ఎండిన పొలములకు కాలువనీరు పారినది. 1943 నాటివలె గట్టు తెగి కలకత్తా ఒంటరియగు భయము తగ్గినది.

ఈ జయాపజయములు రెండును సాహా మాటను బలపరచుచున్నవి. లెక్కను ముక్కలుగా కోసినచోటెల్ల నష్టమే కలిగినది. కలిపి చూచినచోట ఫలము దక్కినది. నీరుపారుదలశాఖకు కాలువ, ఆరోగ్యశాఖకు జ్వరము, విద్యుచ్ఛాఖకు తీగ అని కాగితముపై పంచుకొనవచ్చును. పల్లెలో మాత్రము ఆ మూడును ఒకే యింటి గడపలోనికి వచ్చును. ఆ యింటివాడు ప్రశ్నింప నేర్చిననాడు సభయందలి సభ్యుడును ప్రశ్నింపక తప్పదు. ఒక పల్లె వైద్యుడు పెట్టిన అన్నము ఒక శాస్త్రజ్ఞుని, ఆ శాస్త్రజ్ఞుని ద్వారా ఒక నిర్భయుడగు శాసనసభ్యుని దేశమునకిచ్చినది. గ్రంథాలయము పెట్టు అన్నమును అట్టిదే. ఇరువదియైదు సంవత్సరములుగా బల్లపై పుస్తకము తెరచియుంచిన ఊరిలో లెక్క అడుగువారు కొరవడరు.