గాలి కాదు, ఉప్పు: పక్షవాతాన్ని తగ్గించుకున్న నాగానో పల్లెల కథ

పోయిన ఏడాది మా పెదనాన్నకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. చూడ్డానికి వచ్చినవాళ్లంతా ఒకటే మాట: "మీ వంశంలోనే ఉంది కదా బాబూ, మీ తాతకీ ఇలాగే అయ్యింది." ఆ మాట నా బుర్రలో ఉండిపోయింది. వంశంలో ఉంటే ఇక మనం చెయ్యగలిగిందేమీ లేదా? దీనికి ఒక మంచి జవాబు జపాన్ చరిత్రలో దొరికింది. ఈ ఎపిసోడ్ దాని గురించే.

మనం పక్షవాతం అంటాం. వాతం అంటే గాలి. జపాన్‌లో దీని పాత పేరు చూఫూ. అర్థం ఏంటో తెలుసా? గాలి దెబ్బ! అక్కడ 1951 నుంచి 1980 దాకా మరణాలకి మొదటి కారణం స్ట్రోకే. ఉత్తరాన అకితా, అఓమోరి, మధ్యలో కొండల నాగానో, ఈ చలి ప్రాంతాల్లో మరీ ఎక్కువ.

ఎందుకు? నెలల తరబడి మంచు. పచ్చి కూరగాయలు దొరకవు. అందుకని ఉప్పులో ఊరేసిన ముల్లంగి, ఆకుకూరలు, ఉప్పు చేప, మీసో సూప్. వీటితో బోలెడంత తెల్లన్నం. టీతో నంజుకోవడానికి కూడా ఊరగాయే. 1960లో లూయిస్ డాల్ అనే అమెరికన్ డాక్టర్ లెక్కలు బయటపెట్టారు. ఉత్తర జపాన్‌లో మనిషికి రోజుకి సుమారు 26 గ్రాముల ఉప్పు, దక్షిణాన 14. బీపీ కూడా ఉత్తరానే ఎక్కువ. ఉప్పు ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది, బీపీ పెరుగుతుంది, ఏళ్ల తరబడి ఆ ఒత్తిడికి మెదడులోని సన్నటి రక్తనాళాలు దెబ్బతింటాయి. ఏదో ఒకరోజు ఒకటి చిట్లుతుంది, లేదా మూసుకుపోతుంది. మనకి కనిపించేది ఆ ఒక్కరోజే.

ఇప్పుడు నాగానోకి వద్దాం. అక్కడి సాకు ఆసుపత్రికి 1945లో వకాత్సుకి తోషికాజు అనే డాక్టర్ వచ్చారు. రోగులు వచ్చేదాకా కూర్చోకుండా ఆయనే టీమ్‌తో పల్లెలకి వెళ్లారు. ఉపన్యాసం ఇస్తే ఎవరు వింటారండి? అందుకే ఆరోగ్యం మీద నాటకాలు రాసి ఆడించారు. 1959లో యచిహో అనే ఊళ్లో ఊరందరికీ ఏటా పరీక్షలు మొదలయ్యాయి.

తర్వాత 1981 ప్రాంతంలో నాగానో మొత్తం ఉప్పు తగ్గించే ఉద్యమం నడిచింది. దాన్ని నడిపించింది ఎక్కువగా ఊళ్లలోని ఆడవాళ్లే, వాలంటీర్లుగా. ఇంటింటికీ వెళ్లి మీసో సూప్‌లో ఉప్పు ఎంతుందో మీటర్‌తో కొలిచేవారు. ఊరగాయ మానెయ్యమని కాదు, తక్కువ వేసుకోమన్నారు. సూప్‌లో కూరగాయ ముక్కలు పెంచండి, నూడుల్స్ తిన్నాక రసం మొత్తం తాగకండి, సోయాసాస్ పొయ్యకండి, అద్దుకోండి. అంతే!

రోజుకి సుమారు 16 గ్రాములున్న ఉప్పు మూడేళ్లలో 11 దాకా దిగింది. స్ట్రోక్ మరణాలూ తగ్గుతూ వచ్చాయి. 2010 లెక్కల్లో మగవాళ్ల ఆయుర్దాయంలోనూ, ఆడవాళ్ల ఆయుర్దాయంలోనూ జపాన్ మొత్తంలో నాగానోదే మొదటి స్థానం. ఇదంతా ఉప్పు ఒక్కదాని వల్లే అని నేను అనను. బీపీ పరీక్షలు, మందులు, కూరగాయలు, అన్నీ కలిసి పనిచేశాయి. కానీ ఒకటి గమనించండి. అవే కొండలు, అదే చలి, అవే వంశాలు. మారింది వంటిల్లు.

మన సంగతి? ఆవకాయ, ఊరమిరపకాయలు, అప్పడాలు, మజ్జిగలో మళ్లీ ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది రోజుకి 5 గ్రాముల లోపు, అంటే ఒక చిన్న చెంచాడు. పెదనాన్న తినే పెరుగన్నంలో ఇప్పుడు పెద్దమ్మ ఉప్పు వెయ్యట్లేదు. మొదటి వారం గొణిగారు, తర్వాత అలవాటైపోయింది. బీపీ మాత్ర కూడా మానకుండా వేసుకుంటున్నారు.

మీ ఇంట్లో నలభై దాటినవాళ్లకి ఆఖరిసారి బీపీ ఎప్పుడు చూపించారు? గుర్తులేకపోతే ఈ వారమే చూపించండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటానండి.